పదకొండు దాదులు, ఒక్క పలక

నమోదు 1

అచ్చు కొట్టంలో జరిగేదంతా రోజూ రాసి పెట్టమని మా ఊరి పెద్ద అసిరయ్య బావ హుకుం. "నువ్వు పోయినాక నీ బుర్రలోది ఎవులికి తెలుస్తాది కొర్లమ్మా?" అన్నాడు. నేను ఇవాళో రేపో పోతానన్నట్టే మాట్లాడాడు మహానుభావుడు. సరే, రాస్తున్నాను.

పొద్దున్నే అచ్చుకు పట్టిన ఉప్పు గీకాను. ఇళ్ళను కలిపే గొట్టం దారిలో ఎవరో నీటి తలుపు సరిగ్గా మూయలేదు, కొట్టమంతా చెమ్మ. వాళ్ళను నాలుగు తిట్టి వచ్చి, తవిటమ్మ కవలల్లో చిన్నవాడి కోసం దాది బొమ్మను పోశాను. అచ్చులో పోసే మాగిన ముద్ద ఒక్క దాదికి సరిపడా మాత్రమే మిగిలింది. ఇంకో ముద్ద మాగాలంటే రెండు నెలలు పడుతుంది. అందుకని ఊపిరి బిగబట్టి మరీ పోశాను.

మా ఊళ్ళో, అంటే సముద్రం అడుగున, గాలి చిక్కగా ఉంటుంది. ఏడాది నిండని పిల్లలు నిద్రలో ఊపిరి తీయడం మరిచిపోతుంటారు. దాది ఒళ్ళో పడుకోబెడితే ఊపిరి ఊపిరికీ అది గొట్టంతో కాస్త దన్ను ఇస్తుంది. దాది లేని బిడ్డకు ఎవరో ఒకరు పక్కన కూర్చుని, నోటి ఊపిరి చాలదు గనుక, చేతి తిత్తి ఒత్తాలి. ఇన్నాళ్ళూ చిన్నవాడికి తిత్తి ఒత్తీ ఒత్తీ తవిటమ్మ మణికట్టు వాచిపోయింది.

"అప్పా, అచ్చంగా పెద్దోడి దాదిలాగే ఉండాల. అదెంత బాగా సూస్తాదో ఆడిని" అంది.

"అచ్చు అదే. ఊదడం, ఊపడం, జోల పాడడం అచ్చులోనే ఉంటాయి. నీ సిన్నోడు ఏ పక్కకి తిరిగితే నిద్దరోతాడో అచ్చుకేటి తెలుసు? అది ఈ దాది నేర్చుకోవాల."

"పెద్దోడి దాది నేర్చుకున్నది దీంట్లోకి ఒంపీరాదా?"

"పులుసా ఏటి ఒంపడానికి? దాది లోపలికి సెయ్యి ఎల్లదు. పిలిస్తే పలుకుతాది, పని సెప్తే సేస్తాది, అంతే. తల్లీ పిల్లా ఒకటైనా నోరూ కడుపూ వేరంటారు కాదేటి!"

తవిటమ్మ నవ్వింది. నేను దాదిని లేపాను. అది కళ్ళు తెరిచి, దాదులందరి పుస్తకాల భాషలో, తొలి మాటగా ఇలా అంది: "నా పని కాలం ముగింపునకు వచ్చినది. వేరొక దాదిని సిద్ధం చేసుకొనుడు."

పుట్టిన గడియకే ముసలిదాన్నంటోంది! పోతలో ఏదో తేడా వచ్చిందనుకుని, ఆరకముందే కరిగించి మళ్ళీ పోశాను. మళ్ళీ అదే మాట. తవిటమ్మ నవ్వడం మానేసింది.  రెండోసారి కూడా కరిగించి ముద్దను చెమ్మబట్టలో చుట్టి పెట్టాను.

నమోదు 2

ఇల్లిల్లూ తిరిగాను. ఊళ్ళో పనిచేసే దాదులు పదకొండు. ఒక్కొక్కదాన్నీ పిలిచి "ఇంకా ఎంత మిగిలింది?" అని అడిగాను. మూడేళ్ళ నాటి దాదీ, మొన్న మొన్నటి దాదీ ఒకటే లెక్క చెప్పాయి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళే లోపు ఆ లెక్క కాస్త తగ్గుతోంది. పదకొండు నోళ్ళు ఒకే కుండలో నీళ్ళు తాగుతున్నట్టుంది.

కొట్టానికి పరిగెత్తుకొచ్చి దాది ఏం చేయాలో చెప్పే అచ్చు రాతను మొదటి నుంచీ చదివాను. చదివి నెత్తిన చేతులు పెట్టుకున్నాను.

ప్రతి దాదికీ ఆయుష్షు పలక ఒకటి ఉంటుంది. ఇచ్చిన ప్రతి దన్నుకూ దాని మీద ఒక గీత పడుతుంది. పలక నిండితే దాది తనంతట తాను ఆగిపోతుంది. అరిగిపోయిన దాది లెక్క తప్పి ఊది పసివాళ్ళ ఊపిరితిత్తులు పగలగొట్టకూడదని ఆ ఏర్పాటు. ఆ పలక ఏ దాదికా దాని లోపల ఉండాలి. నాకు పని నేర్పిన లచ్చన్న తాత దాన్ని తీసుకెళ్ళి అచ్చులో పెట్టాడు. పదకొండు దాదులకూ కలిపి ఒకే పలక! అదీ, మొట్టమొదటి దాది నాటి నుంచీ పడుతూ వచ్చిన గీతలతో.

తాతను తిట్టబోయి ఆగాను. మా ఊళ్ళో వంటిల్లు ఒకటి, వల ఒకటి, ఉప్పు జాడీ ఒకటి. ఆఖరికి దువ్వెన కూడా గొట్టం దారిలో మేకుకు వేలాడుతుంది, ఎవరికి కావాలంటే వాళ్ళు దువ్వుకోవడమే. "నాది" అంటే చిన్నపిల్లల్ని కూడా కసురుతాం. అలాంటి ఊళ్ళో పెరిగిన మనిషి పలకను ఉమ్మడిగా పెట్టక ఏం చేస్తాడు? ఆయనకు అది తప్పని తోచి కూడా ఉండదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందట. గొర్రెను మేమెవ్వరం చూడలేదు గానీ సామెత మాత్రం ఇప్పుడు బాగా అర్థమైంది.

పలక మీద గీత కలపడానికి దారి ఉంది, చెరపడానికి లేదు. లేచిన దాది లోపల దేన్నీ మార్చలేం. ఇలాగే సాగితే నాలుగు రోజుల్లో పలక నిండుతుంది. పదకొండూ ఒక్కసారే ఆగిపోతాయి.

పది ఇళ్ళకు అది చేతి తిత్తితో గడిచే కష్టం. దాలమ్మ ఇంటికి మాత్రం అలా కాదు.

నమోదు 3

వంటింట్లో సభ పెట్టారు. అచ్చు దిద్దాను, పలక ఇకపై ఏ దాదికి ఆ దాదిదే అని చెప్పాను. పాతవాటిని కరిగించి పోస్తే సరి, కాకపోతే కరిగిన ముద్ద మళ్ళీ మాగేదాకా రెండు నెలలు తిత్తి ఒత్తుకోవాలి అన్నాను. అందరూ అమ్మయ్య అనుకున్నారు. దాలమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"మరి నా ఎర్ని, అత్తా?"

ఎర్ని నెలలు నిండకుండా పుట్టింది. ఇప్పుడు ఎనిమిదో నెల. ఆ పిల్లకు నిద్రలోనే కాదు, మెలకువలో కూడా ఊపిరి ఆగిపోతుంది. ఎప్పుడు ఆగుతుందో తల్లికే తెలియదు. ఆగిన తర్వాత తిత్తి ఒత్తితే ఆలస్యమే. ఆగబోయే ముందే పసిగట్టి ఊదడం ఎర్ని దాది ఎనిమిది నెలలుగా నేర్చుకుంది. ఆ నేర్పు ఆ దాదిలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

సభ ముగియకముందే కొట్టానికి వెళ్ళి, ఉన్న ఒక్క ముద్దతో దిద్దిన అచ్చులో దాదిని పోసి దాలమ్మ ఇంటికి పట్టుకెళ్ళాను. ఎర్నిని దాని ఒళ్ళో పెట్టాం. పిల్ల ఊపిరి ఆగింది. కొత్తది, అచ్చు చెప్పినట్టే, ఆగిందని రూఢి చేసుకుని అప్పుడు ఊదింది. అంతలోకే పెదాలు నీలం తిరిగాయి. దాలమ్మ కెవ్వుమని పిల్లను లాక్కుని పాతదాని ఒళ్ళో వేసింది.

నేర్చుకోవాలంటే తప్పులు చెయ్యాలి. ఎర్ని దగ్గర ఒక్క తప్పుకూ చోటు లేదు.

నమోదు 4

దాది లోపలికి చూడలేను, నిజమే. కానీ అది బయటికి చేసేది చూడొచ్చు కదా! ఈ ముక్క తోచడానికి నాకు ఇంతసేపు పట్టింది.

కొత్తదాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, దాని ఒళ్ళో పాతదాన్ని, పాతదాని ఒళ్ళో ఎర్నిని పెట్టాను. పిల్లకు అక్షరాలు దిద్దించినట్టు చేతుల మీద చేతులు. ఎర్ని కదిలితే పిలుపు కొత్తదానికి వెళ్తుంది. కొత్తది తాను ఊదకుండా పాతదాన్ని పిలుస్తుంది. పాతది ఏ క్షణంలో ఎంత ఊదిందో గమనించుకుంటుంది. ఇలా ఇరవై రోజులు సాగితే నేర్చుకుంటుందని నా నమ్మకం.

పలకలో ఉన్న నాలుగు రోజుల్లో రెండు పోయాయి. మిగతా పది దాదులూ నిద్రపోతే, ఎర్ని దాది ఒక్కటే వాడుకుంటే, మూడు వారాలకు సరిపోతుంది. అంటే పది ఇళ్ళవాళ్ళు ఈ పూట నుంచే దాదుల్ని పడుకోబెట్టి తిత్తులు పట్టాలి. పైగా నేను పోసిన ముద్ద తవిటమ్మ వంతు. ఆమెకు ఇద్దరు పసివాళ్ళు. మొగుడు పైన వలల పడవలో ఉన్నాడు, తుఫాను కాలం పోయేదాకా దిగిరాడు.

"ఆ ముద్ద తవిటమ్మది. ఇస్తే ఇస్తాది, నేకపోతే నేదు. నాను బలవంతం సెయ్యను" అన్నాడు అసిరయ్య బావ.

తవిటమ్మ వాచిన మణికట్టు నిమురుకుంది.

"ఇద్దరికీ తిత్తి ఒత్తాలన్నమాట. నాకున్నవి రెండే సేతులు" అంది. తర్వాత దాలమ్మ వైపు చూడకుండా, "తీసుకోండి. నాను ఒద్దంటే రేపు దీని మొకం ఎలాగ సూస్తాను?" అంది.

నమోదు 8

ఊరు ఊరులా లేదు. గొట్టం దారి పొడుగునా తిత్తుల బుసబుసలే. వంటింట్లో గంజి తప్ప వండడం లేదు, వండే చేతులన్నీ తిత్తుల దగ్గరున్నాయి. ముసలివాళ్ళు కూడా వంతులు వేసుకున్నారు. అసిరయ్య బావ తన మనవరాలికి తిత్తి ఒత్తుతూ నన్ను చూసి, "ఒలే కొర్లమ్మా, మీ లచ్చన్న తాత ఇప్పుడుంటే ఈ తిత్తి ఆడి మెడకి కట్టీసీవోడిని" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది.

రోజూ పొద్దున్న ఎర్ని దాదిని లెక్క అడుగుతున్నాను. సరిగ్గా అనుకున్నంతే తగ్గుతోంది.

నమోదు 13

తిత్తి ఒత్తే వంతు నాకూ పడి, నాలుగు రోజులు దాలమ్మ ఇంటికి వెళ్ళలేకపోయాను. ఇవాళ వెళ్ళి లెక్క అడిగాను. ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ, మూడు నాలుగు రోజులకు మించి రాదు. ఎవరో దాదిని లేపారు.

ఒళ్ళు మండిపోయింది. పిలవకుండా ఒకరింట్లోకి పోవడం మా ఊళ్ళో తప్పు. పోయాను. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, అన్నిచోట్లా దాదులు నిద్రలోనే ఉన్నాయి. తవిటమ్మ ఇంట్లో చిన్నవాడు దాది ఒళ్ళో ఉన్నాడు. దాది దన్ను ఇస్తోంది. తవిటమ్మ నేల మీద, తిత్తి చేతిలోనే, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పెద్దవాడు పక్కన మేలుకుని కాళ్ళు ఆడిస్తున్నాడు.

దాదిని పడుకోబెట్టి, చిన్నవాడికి తిత్తి ఆనించి, అరిచాను. "సిగ్గునేదేటే నీకు? నీ కొడుకు పీల్సే ఒక్కొక్క ఊపిరీ ఆ పిల్ల నోట్లోది!"

ఆమె ఉలిక్కిపడి లేచింది. తప్పించుకోవడానికి చూడలేదు.

"తిట్టు అప్పా, తిట్టు. తిత్తి ఒత్తుతానే నిద్దరోయినాను. లేసి సూద్దును గదా, సిన్నోడి మొకం మాడిన అట్టులాగున్నాది. ఆడు సచ్చిపోయినాడనుకున్నాను. అప్పుడు లేపినాను దాదిని. కాస్సేపే అనుకున్నాను. మల్లీ నిద్దరొచ్చీసినాది. రోజూ ఇదే. ఆ యేళ నువ్వైతే లేపవా?"

"లేపుతాను" అన్నాను. ఇంకేమంటాను?

పెద్దవాడూ నిద్రపోయాక ఇద్దరం చెరొక పిల్లాడికి తిత్తి ఒత్తుతూ కూర్చున్నాం. నాకు ఆమె మీద కోపం పోయి నా మీద వచ్చింది. ఇద్దరు పిల్లలున్న ఒంటరిదానికి తోడు వెయ్యాలని పదకొండు ఇళ్ళలో ఒక్కరికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఇస్తానంది కదా అని పుచ్చుకుని పోయాం.

వచ్చేటప్పుడు ఆమే అంది: "నా దాదిని దాలమ్మింట్లో పెట్టీ అప్పా. ఇక్కడుంటే మల్లీ లేపుతాను. నన్ను నాను నమ్మలేను." ఇవాళ్టి నుంచి ఆమెకు తోడు మనుషుల్ని వేశాం. ఎందుకు వేశామో దాలమ్మకు చెప్పలేదు. తవిటమ్మే వెళ్ళి చెప్పిందట. 

నమోదు 16

పలకలో మిగిలింది ఒక్క పూటకు సరిపడా. కొత్తది ఎంతవరకు నేర్చుకుందో దాన్ని అడిగి తెలుసుకునే వీల్లేదు, పని చేయించి చూడాల్సిందే. పాలు తాగేటప్పుడు, నిద్రలో, వెక్కిళ్ళు వచ్చినప్పుడు, స్నానం పోసేటప్పుడు పాతది ఏం చేస్తుందో చూసింది. ఏడ్చేటప్పుడు చూడలేదు. ఏడిస్తే ఎర్నికి ఊపిరి అందరాని చోట ఇరుక్కుంటుంది. అందుకే పెదవి విరిస్తే చాలు, దాలమ్మ ఎత్తుకుని ఊరుకోబెడుతుంది. పుట్టాక ఆ పిల్లను ఎవరూ ఏడవనివ్వలేదు.

దాలమ్మతో చెప్పాను. "ఇప్పటి నుంచి కొత్తదే ఊదుతాది. పాతది ఊరికే సూస్తా ఉంటాది. కొత్తది తప్పితేనే అది ఊదుతాది. అప్పుడే గీత పడతాది. ఇన్నాళ్ళూ పిల్లకి తప్పుకి సోటు నేదన్నాం. ఇప్పుడు పలకలో ఎన్ని గీతలకి సోటున్నాదో అన్ని తప్పులకి సోటున్నాది."

"అన్నీ అయిపోతే?"

 ఆ తర్వాత కొత్తదే దిక్కని చెప్పాను.

"ఏడిపించమంటావేమో, నాను ఏడిపించను అత్తా. నా సేతుల్తో నావల్ల కాదు" అంది. నేనూ బలవంతపెట్టలేదు.

మొదటి గంటలో కొత్తది ఎన్నిసార్లు తప్పిందో లెక్కపెట్టడం మానేశాను. ప్రతిసారీ పాతది అందుకుంది. ప్రతిసారీ దాలమ్మ నా భుజం గిల్లింది. సాయంత్రానికి తప్పులు తగ్గాయి.

నమోదు 17

 అక్షరాలు వంకరగా పడుతున్నాయి, చదివేవాళ్ళు సర్దుకోండి.

పొద్దుటికి పలకలో పందొమ్మిది మిగిలాయి. ఎర్ని నిద్రలేచింది, పాలు తాగింది, పాలు తాగుతుండగా రెండుసార్లు కొత్తది తప్పింది. స్నానంలో ఒకటి. తర్వాత మధ్యాహ్నం దాకా ఒక్కటీ లేదు. మాకు కాస్త ఆశ పుట్టింది. అంతలో ఎర్నికి పొలమారి దగ్గు తెర వచ్చింది. కొత్తదానికి ఆ దగ్గు తెలియదు. పాతది గబగబా పన్నెండు సార్లు అందుకుంది. పలకలో నాలుగు మిగిలాయి. దాలమ్మ దేవతల పేర్లన్నీ వరసగా పిలుస్తోంది.

అప్పుడే తలుపు తోసుకుని తవిటమ్మ వచ్చింది. చంకలో చిన్నవాడు, చేతిలో తిత్తి. తిత్తి నిలువునా చిరిగిపోయి ఉంది. పిల్లవాడి తల వాలిపోయింది.

"తోడున్నామె పెద్దోడితో పక్కింట్లో ఉన్నాది. పిలిసినా ఇనపడనేదు. తిత్తి సిరిగిపోనాది అప్పా, ఊపిరి నేదు ఈడికి!" అంది.

ఆమె దాది ఆ గదిలోనే, మూలన నిద్రపోతోంది. లేపితే మూడు దన్నులైనా ఇవ్వకుండా అది ఆగదు, అచ్చు రాత అలాంటిది. పక్కింటి నుంచి తిత్తి తేవాలన్నా గొట్టం దారి సగం పరిగెత్తాలి. పిల్లవాడి ముఖం చూస్తే అంత వ్యవధి లేదని తెలుస్తూనే ఉంది.

నేను లేపడానికి కదల్లేకపోయాను. సిగ్గు పడకుండా రాస్తున్నాను, కదల్లేకపోయాను. నాలుగే ఉన్నాయి. తవిటమ్మ కూడా మూలకు చూసింది, ఎర్నిని చూసింది, అక్కడే కూలబడిపోయింది. 

దాలమ్మే లేచింది. చిన్నవాడిని లాక్కుని మూలనున్న దాది ఒళ్ళో పడేసి, గొట్టం ముక్కుకు పెట్టి, దాన్ని పేరు పెట్టి పిలిచి లేపింది.

"ఊదు! బేగి ఊదు!"

ఒకటి. రెండు. మూడు. చిన్నవాడు పెద్దగా దగ్గి గుక్కపెట్టాడు. తవిటమ్మ వాడిని ఎత్తుకుని గోడకు జారబడి ఏడ్చింది. నేను తేరుకుని పక్కింటికి పరిగెత్తి తిత్తి తెచ్చాను.

తిరిగి వచ్చేసరికి ఆ ఒక్కటీ అయిపోయింది. ఎర్ని ఆవలిస్తుంటే కొత్తది తప్పిందట, పాతది ఆఖరి దన్ను ఇచ్చిందట. నేను గడప దాటుతుండగా పాతది అంది: "నా పని కాలం ముగిసినది." మూలనున్న తవిటమ్మ దాది అదే మాట అంది. గొట్టం దారి పొడుగునా, ఇల్లిల్లూ, నిద్రలో ఉన్న దాదులన్నీ అదే మాట అంటుంటే ఒకదాని వెనక ఒకటిగా వినపడింది. తర్వాత ఏ దాదీ పలకలేదు.

పాతదాని చేతులు జారిపోయాయి. ఒడి చల్లబడింది. ఎర్నికి అది తెలిసింది. తల వెనక్కి తిప్పి ఆ దాది ముఖం చూసింది. బుల్లి చేత్తో దాని చెంప మీద కొట్టింది. అది పలకలేదు. ఇంకోసారి కొట్టింది.

నేను పాతదాన్ని పక్కకు తీసి ఎర్నిని కొత్తదాని ఒళ్ళో సర్దాను. అదే అచ్చు, అదే ఒడి, అదే జోల. పిల్ల ఒప్పుకోలేదు. పాతదాని వైపు చేతులు చాచి, పెదవి విరిచి, గుక్కపెట్టి ఏడుపు అందుకుంది.

"ఒద్దమ్మా, ఒద్దు తల్లీ" అంటూ దాలమ్మ ముందుకు ఉరికింది. ఏడుపు పైకి పోయి పోయి ఒకచోట ఆగింది. పిల్ల నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. 

కొత్తది ఊదింది. ముందు మెల్లగా, ఆ వెంటనే గట్టిగా, పాతది దగ్గు తెరలో చేసినట్టుగా. ఏడుపు మళ్ళీ అందుకుంది. మళ్ళీ ఆగబోయింది. ఈసారి ఆగకముందే కొత్తది ఊదింది. తర్వాత ఏడుపు ఎక్కడా తెగలేదు. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. చేతులు చాచి, కాళ్ళు తన్ని, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది ఎర్ని.

అలవాటుగా నేనే ఎత్తుకోబోయాను. దాలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనీ అత్తా" అంది. ఆమె ముఖమంతా కన్నీళ్ళు. "ఎనిమిది నెలలయ్యినాది. నా పిల్ల గొంతు ఎలాగుంటాదో నాను ఇప్పుడే ఇంటన్నాను."